మూడు మూరల సందు

మా ఆయన నడవలేడు, సైకిల్ మాత్రం తొక్కుతాడు. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నన్ను కిందికీ మీదికీ చూస్తారు. నడవలేనివాడు సైకిల్ ఎట్లా తొక్కుతాడమ్మా అని అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. అబద్ధం చెప్పి నేను మూట గట్టుకునేదేముంది?

మాది మర్రిగూడ దిక్కు. మా బోరు నీళ్లలోని ఫ్లోరైడు సంగతి మా పళ్లు చూస్తేనే తెలుస్తుంది. మా ఆయన శ్రీశైలానికి అది పళ్లతో పోలేదు. నలభై దాటేసరికి వెన్నుపూస బిగుసుకుపోయి నడుము ముందుకు వంగింది. నిలబడి నాలుగడుగులు ఎక్కువ వేస్తే కాళ్లు మొద్దుబారిపోయి ఎక్కడుంటే అక్కడ కూలబడతాడు. అదే సైకిల్ సీటెక్కి హ్యాండిల్ మీదికి వంగితే నొప్పి ఉండదు. పట్నం దవాఖానలో డాక్టరు కూడా ఇదే చెప్పాడు. వంగినప్పుడు లోపల నరానికి జాగా దొరుకుతుందట. "సైకిల్ మాత్రం మాన్పించకమ్మా. అది మానేస్తే మంచాన పడతాడు" అని చెప్పి పంపాడు.

అందుకే ఆయన పాల పని పట్టుకున్నాడు. ఊళ్లో ఇంటింటి పాలు రెండు డబ్బాల్లోకి పోయించుకుని, క్యారియర్‌కి చెరోవైపు ఇనుప కొక్కేలకు తగిలించి, రోడ్డు దాటి పాలకేంద్రంలో పోసి వచ్చేవాడు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. ఊరికీ రోడ్డుకీ మధ్య కిలోమీటరు మట్టిబాట. రోడ్డుకు అవతలే పాలకేంద్రం, హైస్కూలు, చిన్న దవాఖాన, బస్సు ఆగే జాగా. అంటే మా ఊరికి కావలసినవన్నీ రోడ్డుకు అవతలే. ఎడమవైపు డబ్బా వదులుగా ఉండి టకటకమని కొట్టుకునేది. ఆ చప్పుడు దగ్గరికొస్తే నేను చాయ్ పొయ్యి మీద పెట్టేదాన్ని.

ఆ ఏడు మాఘంలో రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వచ్చారు. నాలుగు వరుసల రోడ్డు, మధ్యలో మోకాలెత్తు గోడ. వాళ్ల ప్లానులో మా బాట రోడ్డును తాకేచోట గోడకు సందు లేదు. దాటాలంటే ఎడమకు రెండు కిలోమీటర్లు పోయి, అక్కడి యూ టర్న్ దగ్గర లారీల మధ్య మలిగి, మళ్లీ రెండు కిలోమీటర్లు వెనక్కి రావాలి. మోటరుసైకిలు వాళ్లు ఏముందిలే, పెట్రోలు పోస్తే పోతుంది అన్నారు. సైకిళ్ల వాళ్లం, అంటే పాల వాళ్లం, కూలికి పోయేవాళ్లం, హైస్కూలు పిల్లలు గలవాళ్లం, మా గతి ఏమిటని ఎవరూ అడగలేదు.

నేను అడిగాను. మహిళా సంఘం లీడరుగా పదేళ్లు చేశాను, నా నోటికి బ్యాంకు మేనేజరే జడుస్తాడని ఊళ్లో అంటారు. "నోరా, వీపుకు తేకే" అని మా అమ్మ చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉంది, నేను వినలేదు. సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణికి పోయి అర్జీ పెట్టాను. మళ్లీ సోమవారం పోయాను. అట్లా నాలుగు సోమవారాలు పోయాక ఒక ఇంజనీరు సారు జీపులో మా బాట దగ్గరికి వచ్చాడు.

మంచివాడే. అది చెప్పకపోతే పాపం. ఎండలో నిలబడి మొత్తం విన్నాడు.

"మూడు మూరల సందు ఇడువుండ్రి సారు" అన్నాను. "పాల డబ్బాల సైకిల్ దూరేంత. రెండు దిక్కుల లారీలు మెల్లగ పోయేటట్టు స్పీడు బ్రేకర్లు ఎయ్యిండ్రి. గంతే."

"సందు ఇడిస్తే మోటరుసైకిళ్లు గూడ దూరుతయమ్మా. రేపు ఎవడన్న సచ్చిపోతే నన్నే అడుగుతరు."

"మోటరుసైకిలోళ్లకు నాలుగు కిలోమీటర్లు ఓ లెక్కనా సారు? తిరిగొస్తరు. తిరిగి రాలేనోళ్ల ముచ్చట నేను చెప్తున్న."

సారు శ్రీశైలాన్ని చూశాడు. మా ఆయన సైకిల్ మీదే, ఒక కాలు నేలకు ఆనించి ఉన్నాడు.

"గోడ మోకాలెత్తే గదన్నా. సైకిల్ ఇటు దిక్కు పెట్టి, డబ్బాలు చేతుల పట్టుకొని నడిచి దాటొచ్చు గద. పాలకేంద్రం గదిగో కనపడుతనే ఉన్నది."

శ్రీశైలం మాటలు తక్కువ మనిషి. సైకిల్ దిగి స్టాండు వేసి, పాలకేంద్రం దిక్కు నడవడం మొదలుపెట్టాడు. నేను లోపల అడుగులు లెక్కపెట్టుకుంటున్నాను. డెబ్బై మూడో అడుగు దగ్గర మోకాళ్లు పట్టుకుని వంగాడు, తర్వాత తారు మీదే కూర్చున్నాడు. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. జీపు డ్రైవరు పరుగెత్తుకుపోయి లేపాడు. ఇద్దరం పట్టుకొచ్చి సైకిల్ ఎక్కిస్తే, ఏమీ జరగనట్టు ఆ సైకిల్ మీదే రెండు చుట్లు తిరిగి మా ముందుకొచ్చి ఆగాడు.

ఇంజనీరు సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, ఒక్క మనిషి కోసం సందు అని రాస్తే పైన కాగితం చింపి పారేస్తరు. లెక్క కావాలె. పొద్దున ఆరింటికెల్లి మాపున ఆరు దాక ఒక్కరోజు ఇక్కడ మనిషిని కూసోబెడుత. కెమెరా గూడ ఉంటది. దినాం మీరు ఎట్ల పోతరో గట్లనే పోవాలె. నూటయాభై సైకిళ్లు దాటితే నేనే రాసి సంతకం పెడుత."

"మా ఊర్ల నూటముప్పై సైకిళ్లున్నయి సారు. పోనురాను ఎంతైతది?"

"రెండొందల అరవై."

"మరి మీరు సంతకం పెట్టుకోండ్రి" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు శ్రీశైలం ఈల వేశాడు. పెళ్లయిన కొత్తలో విన్నాను ఆ ఈల, మళ్లీ ఆ రోజే.

లెక్క ఉగాది అయిన రెండో వారంలో, బుధవారం అన్నారు. నాకు ఒకటే భయం. పత్తి అయిపోయింది, ఊళ్లో పని లేదు. ఎండాకాలం వస్తే సగం ఊరు పట్నం మేస్త్రీ పనులకు పోతుంది, మిగిలిన సగం పెళ్లిళ్లకు పోతుంది. ఆ బుధవారానికి ఊళ్లో మనుషులే లేకపోతే ఎట్లా? గట్టిగా చెబితే తప్ప మావాళ్లు ఆగరు. మంగళవారం పొద్దున ఒక చీటీ రాసి ఐలేశం చేతికి ఇచ్చాను. ఐలేశం మా పంచాయతీలో పనిచేస్తాడు. నల్లా తిప్పేదీ, చెత్త ట్రాక్టరు నడిపేదీ, మైకులో చెప్పేదీ అంతా అతనే.

"ఉన్నదున్నట్టు సదువు ఐలేశం. నీ సొంతం కలపకు."

"నాదేముంటదక్కా, నువ్వు రాసిందే సదువుత" అన్నాడు.

ఆ పూట మూడుసార్లు చదివాడు. "రేపు సైకిళ్ల లెక్క ఉన్నది. సర్కారోళ్లు పొద్దుగాల ఆరింటికెల్లి రాసుకుంటరు. సైకిల్ ఉన్నోళ్లు ఎవ్వరు ఊరు ఇడిసి పోవద్దు. రాయించుకోనోళ్లకు రాదు." ఆ చివరి మాట నా తెలివి. ఏదో రాదని భయపెడితే తప్ప కదలరని పెట్టాను. రాసుకుంటూ నాలో నేను నవ్వుకున్నాను కూడా.

బుధవారం తెల్లవారకముందే నేను రోడ్డు మీద ఉన్నాను. లెక్క రాయడానికి వచ్చిన పిల్ల పేరు ప్రణీత. డిగ్రీ అయిందట, గొడుగు కింద కుర్చీ వేసుకుని అట్ట మీద కాగితాలు పెట్టుకుంది. పక్కన స్తంభానికి కెమెరా కట్టారు. నేను ఫ్లాస్కులో చాయ్ తెచ్చాను.

ఆరుంపావుకు టకటకమని డబ్బా చప్పుడు వినిపించింది. శ్రీశైలం ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గోడ అప్పటికి మా బాట దగ్గరకు రాలేదు, దాటి పోయాడు. ప్రణీత గీత గీసింది. ఏడుంపావుకు తిరిగి వచ్చాడు. ఇంకో గీత.

తర్వాత ఒకరిద్దరు. అవతలి ఊళ్లవాళ్లు, ఎవరో ఐస్‌ఫ్రూట్ అమ్మేవాడు. ఒంటిపూట బడికి పోవలసిన మా హైస్కూలు పిల్లలు ఒక్కరూ రాలేదు. కూలికి పోయేవాళ్లూ రాలేదు. తొమ్మిదింటికి ఐలేశానికి ఫోన్ చేశాను.

"ఏం ఐలేశం, సైకిళ్లు వస్తలేవేంది?"

"ఫికర్ చెయ్యకక్కా. ఊరంత తయారుగున్నది. ఒక్కడంటే ఒక్కడు ఊరు దాటలే."

నాకు సంతోషమే అయింది. తయారుగా ఉన్నారు కదా, వస్తారు అనుకున్నాను. తర్వాత ఎండ ముదిరింది. ఈ ఎండకు ఎవరు కదులుతారు, చల్లబడ్డాక వస్తారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ప్రణీతకు నేను తెచ్చిన సద్ది పెట్టాను. ఆ పిల్ల పాపం తినుకుంటూ బాట దిక్కే చూస్తోంది.

"ఆంటీ, ఎప్పుడు గిట్లనే ఉంటదా ఈడ?" అని అడిగింది.

"ఎప్పుడు గిట్ల ఉండదు బిడ్డా" అన్నాను. ఐలేశం అన్న రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కడూ ఊరు దాటలేదు.

మూడు గంటలకు ఎండలో ఆ కిలోమీటరు నడిచి ఊళ్లోకి వచ్చాను. నడిచానో ఉరికానో నాకే తెలియదు.

మొదటి ఇల్లు మా ఎదురింటి పుష్పమ్మత్తది. గడప ముందు చాప వేసుకుని కూర్చుని ఉంది. పక్కన ఆమె పెనిమిటి సైకిల్. ఆయన పోయి ఆరేళ్లయింది. సైకిల్‌కి చైను లేదు, ముందు టైరూ లేదు. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, హ్యాండిల్‌కి బంతిపూలు చుట్టింది.

"రాసేటోళ్లు ఏడిదాక వచ్చిండ్రు పిల్లా? పొద్దటికెల్లి కూసున్న, నడుం గుంజుతాంది" అని అడిగింది.

వాడ పొడుగునా చూశాను. ప్రతి గడప ముందూ ఒక సైకిల్, ప్రతి సైకిల్ పక్కనా ఒక మనిషి. ఎవరూ బడికి పోలేదు, కూలికి పోలేదు. సైకిళ్లు కడిగి మెరిపించి పెట్టుకుని ఇళ్ల ముందు కూర్చున్నారు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒకరోజు సర్వే జరిగింది, గుర్తుందా? పట్నంలో ఉన్నవాళ్లూ, బొంబాయిలో ఉన్నవాళ్లూ అందరూ పరుగెత్తుకొచ్చి, ఆ ఒక్కరోజూ ఇంట్లోంచి కదలకుండా కూర్చుని పేర్లు రాయించుకున్నారు. ఆ రోజు ఇంట్లో లేనివాళ్లు ఇప్పటికీ దానికి దీనికి తిరుగుతూనే ఉన్నారని మా ఊళ్లో చెప్పుకుంటారు. సర్కారు రాసుకుంటుందంటే గడపలో ఉండాలి. అదీ మావాళ్లకు తెలిసింది. నాకూ తెలుసు. తెలిసీ ఆ మాటలే రాశాను.

"రోడ్డు మీదికి పోవాలె, రోడ్డు మీదికి" అని వాడవాడా తిరిగి ఒర్రాను. ముందు ఎవరూ నమ్మలేదు. మేము పోతే ఇక్కడికి వస్తారేమో అని ఒకరు, ఒక్కరినన్నా ఇంటికాడ ఉంచుదాం అని ఒకరు. అందరూ కదిలేసరికి నాలుగున్నర అయింది. ఇక అప్పుడు చూడాలి. నూట ముప్పై సైకిళ్లు ఒక్కసారి రోడ్డు మీద పడ్డాయి. దాటినవాళ్లు అవతల పని లేక, రాశారో లేదో అనుమానంతో, మళ్లీ ఇటు దాటారు. పిల్లలు నాలుగైదు సార్లు తిరిగారు. పుష్పమ్మత్త చైను లేని సైకిల్‌ని ముందు చక్రం ఎత్తిపట్టుకుని నడిపించుకుంటూ వచ్చి "నాది గూడ రాయి బిడ్డా" అంది. ప్రణీత రాసింది. రాసేటప్పుడు నా మొహం చూడలేదు.

ఆరింటికి ఇంజనీరు సారు వచ్చాడు. కాగితం చూశాడు. పొద్దున ఆరు నుంచి మాపు నాలుగున్నర దాకా ఇరవై మూడు. అందులో రెండు మా ఆయనవి. నాలుగున్నర నుంచి ఆరు దాకా మూడువందల పన్నెండు.

"అమ్మా, నేను దినాం పోయినట్టు పొమ్మన్న" అన్నాడు నెమ్మదిగా. "పొద్దందాక ఇరవై మూడు, గంటన్నరల మూడొందలు. కెమెరాల పూలదండల సైకిళ్లు తిరుగుతున్నయి. దీన్ని నేను పైకి ఎట్ల పంపాలె? కావాలని తొక్కించిండ్రు అంటరు."

"ఇంకొక్క రోజు కూసోబెట్టు సారు. ఒక్క రోజు. కాల్మొక్కుత."

"ఒక ఊరికి ఒక్క రోజే ఇచ్చిండ్రమ్మా. కాంట్రాక్టరు ఆల్రెడీ రాళ్లు దింపుకున్నడు." జీపు ఎక్కబోతూ ఆగాడు. "మీ ఆయనను చూసిన కాడికెల్లి నాకు గూడ మనసుల పడ్డది. లెక్క ఉంటే చేద్దునమ్మా."

ఆ కోపం నేను ఎవరి మీద తీర్చుకోవాలి? పంచాయతీ ముందు ఐలేశం కనిపించాడు. పది మంది ముందు పట్టుకుని దులిపాను. మైకులో ఏం ఒర్రినవు, చెప్పిందేంది నువ్వు చదివిందేంది, ఊరి నోట్లో మన్ను పోసినవు అన్నాను. అందరూ నాతోపాటు అతన్ని తిట్టారు. అతను తల వంచుకుని విన్నాడు.

మర్నాడు ఇంటికి వచ్చి, ఎవరూ లేంది చూసి, జేబులోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టాడు.

"గిదే సదివిన అక్కా. ఉన్నదున్నట్టు."

నా రాతే. ఎవ్వరు ఊరు ఇడిసి పోవద్దు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అతను, నేను నిన్నటి మాట వెనక్కి తీసుకుంటానేమో అని కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. చీటీ గూట్లో పసుపు డబ్బా వెనక పెట్టాను. చింపి పారేయాలంటే చేతులు రాలేదు, ఊరికి చూపించే ధైర్యమూ లేదు. ఊళ్లో ఇప్పటికీ "సైకిళ్ల ఐలేశం" అని నవ్వుతారు. అట్లా అన్నప్పుడల్లా నేను వేరే మాట ఎత్తుతాను. సిగ్గు లేని పని. నాకు తెలుసు.

శ్రీశైలం నన్ను ఏమీ అనలేదు. "నేను పాలు పోసి వచ్చేటప్పుడే చూసిన, అందరు సైకిళ్లు కడుగుతున్నరు. రోడ్డు మీదికి వచ్చేతందుకే తయారైతున్నరనుకున్న" అన్నాడంతే. తప్పు సగం తన మీద వేసుకున్నాడు.

నాలుగు రోజులకు పొద్దున డబ్బాలు తగిలిస్తూ లోపలికి కేక వేశాడు.

"అండాలూ, కాయిదం ముక్క ఏమన్న ఉన్నదా? ఎడమ దిక్కు డబ్బ మస్తు కొట్టుకుంటాంది."

నేను పిండి కలుపుతున్నాను. చేతులు కడుక్కునేలోపు ఆయనే గోడ పట్టుకుని గూటి దాకా వచ్చి, పసుపు డబ్బా వెనక చెయ్యి పెట్టాడు. చీటీ విప్పాడు. ఆయన చదివితే పెదవులు కదులుతాయి. కదిలాయి. నేను పిండి చేతులతో అట్లాగే కూర్చున్నాను. నా రాత ఆయనకు తెలియకపోవడమేముంది?

చివరిదాకా చదివి, నాలుగు మడతలు పెట్టి, బయటికి పోయి డబ్బాకూ ఇనుప కడ్డీకీ మధ్య దోపాడు. చేత్తో కదిపి చూశాడు.

"ఇగ కొట్టుకోదు" అని సైకిలెక్కాడు.

ఆ రోజు డబ్బా చప్పుడు చేయకుండా బాట దాటింది. నేను పిండిలో కన్నీళ్లు పడుతుంటే కలుపుతూనే ఉన్నాను. రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది.

వైశాఖంలో గోడ మా బాట దగ్గరకు వచ్చింది. రెండు రోజుల్లో మూసేశారు. శ్రీశైలం మొదటి రోజు ఎడమకు పోయి మలిగి వచ్చాడు. రెండు పూటలకు కలిపి పదహారు కిలోమీటర్లు ఎక్కువ, పైగా లారీలు మలిగే చోట ముందుకు వంగిన మనిషి మెడ తిప్పి వెనక చూడలేడు. రెండో రోజూ పోయాడు. మూడో రోజు నుంచి అందరిలాగే అవతలి అంచు పట్టుకుని రాంగ్ రూట్లో తిరిగి రావడం మొదలుపెట్టాడు. ఎదురుగా వస్తే లారీ కనపడుతది కదా అన్నాడు. బడి తెరిచాక హైస్కూలు పిల్లల సైకిళ్లు ఒక్కొక్కటీ తగ్గాయి. కొందరిని హాస్టల్లో వేశారు. ఇద్దరు ఆడపిల్లలను మాన్పించి పత్తి విత్తనాల చేలల్లో కూలికి పంపారు.

మిరుగం కార్తె వచ్చిన తెల్లారి, చిన్న వాన పడ్డ రోజు, పాలకేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. నేను పోయేసరికి రోడ్డంతా పాలు. వాన నీళ్లలో తెల్లగా పారుతున్నాయి. లారీ తగల్లేదు, దాని గాలికే సైకిల్ గోడ మీదికి ఒరిగింది. శ్రీశైలం ఆ మోకాలెత్తు గోడ మీద కూర్చుని ఉన్నాడు. మోచేయి గీరుకుంది, అంతే. ఒక డబ్బా గోడకు అవతల పడి లారీ కింద నలిగింది. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"సందు పెట్టుమన్న జాగ గిదే గదా?" అన్నాడు.

"గిదే."

"మంచి జాగనే సూపినవు" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు. అక్కణ్నుంచి ఇంటికి ఆయన సైకిల్ మీద రాలేదు. ఆటోలో తెచ్చాను.

తర్వాత పాల పని ట్రాలీ బండి ఉన్న వేరే ఊరతనికి ఇచ్చారు. నేను మళ్లీ మూడు సోమవారాలు ప్రజావాణికి పోయాను. చివరికి కాగితం వచ్చింది. పరిశీలించడమైనది, సైకిళ్ల రాకపోకలు ఇరవై మూడు మాత్రమే నమోదైనందున సందు అవసరం లేదు అని ఉంది. దేవుడు కరుణించినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా కరుణించాడు, నేనే చెడగొట్టుకున్నాను.

వాకిట్లోనే తిరుగుదువు, కాళ్లాడించు అని బతిమాలాను. వాకిట్లో ఎంత తిరుగుతాడు? రెండు చుట్లు తిరిగి దిగేవాడు. "ఏడికి పోవాలె అండాలూ?" అనేవాడు. ఒకరోజు ఎక్కలేదు, మర్నాడూ ఎక్కలేదు. బతుకమ్మ నాటికి కాళ్లు చాపడం కష్టమైంది. దీపావళికి మంచం మీద నుంచి నేను లేపితే లేచేవాడు. డాక్టరు చెప్పినట్టే అయింది.

కార్తీకంలో ఇంటింటి సర్వే వచ్చింది. ముందు రోజు ఐలేశం తెల్ల కాగితం, పెన్ను పట్టుకుని వచ్చాడు.

"మైకుల ఏం చెప్పాల్నో నువ్వే రాసియ్యక్కా. ఎలక్షన్లు కాక సర్పంచు లేకపాయె, నాకు రాయ ధైర్యం లేదు."

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం చూశాను. లేదు, మామూలుగానే అడిగాడు.

"నేను రాయనయ్యా. నీకు తోచింది చెప్పు" అన్నాను.

మర్నాడు సుస్మిత అనే టీచరమ్మ పెద్ద పుస్తకం పట్టుకుని వచ్చింది, ఐలేశం ఇల్లు చూపిస్తూ వెంట వచ్చాడు. ఇంట్లో ఎందరు, పొలమెంత, ఫ్రిజ్ ఉన్నదా, జబ్బులేమన్నా ఉన్నాయా, అన్నీ అడిగి రాసుకుంది. శ్రీశైలం మంచం మీద గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

"బండ్లేమన్న ఉన్నయామ్మా?"

"సైకిల్ ఉన్నది."

తొంగి చూసింది. గడప పక్కనే ఉంది. వెనక ఒకటే డబ్బా కొక్కెం మిగిలింది.

"వాడుతున్నరా, ఊకె ఉన్నదా?"

మంచం కిర్రుమంది. ఆయన ఇటు తిరగలేదు, కానీ వింటున్నాడు. ఐలేశం నేల చూస్తున్నాడు.

"వాడుతున్నం. దినాం రెండు పూటల" అన్నాను. "రాసుకో."

ఆమె రాసుకుంది. గడపలో కూర్చుని ఉన్నందుకు ఈసారి మా సైకిల్ లెక్కలోకి ఎక్కింది. వాళ్లు పక్కింటికి పోయాక నేను పంపు తెచ్చాను. రెండు టైర్లూ నేలకంటుకుని ఉన్నాయి. సర్కారు పుస్తకంలో అబద్ధం రాయించాను కదా, గాలన్నా ఉండాలి అనిపించింది. ముందు టైరు నింపి, వెనక టైరుకు కొట్టి, పంపు తీయబోతుంటే మంచం మీద నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఎనక దానికి ఇంక జర కొట్టు అండాలూ. పాల బరువు దాని మీదనే పడ్తది."

ఇంకో ఇరవై కొట్టాను.